జవాబు ఆలస్యమయ్యే ప్రశ్నలకు చోటేది?

రాయపూర్ మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి ధమ్తరి, కాంకేర్, జగదల్‌పూర్, సుక్మా దాటి కోంటా దగ్గర ఛత్తీస్‌గఢ్ పొలిమేర దాటుతుంది. అక్కణ్నుంచి చింతూరు, భద్రాచలం మీదుగా విజయవాడ శివారులోని ఇబ్రహీంపట్నం చేరుతుంది. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు పెరిగినప్పుడు శబరి నది ఎగదన్ని ఇటు చింతూరునూ అటు కోంటానూ ముంచింది. అలాంటి రోజుల్లో వాట్సాప్‌ను మించిన సాధనం లేదు. ఏ వంతెన మీద ఎంత నీరుంది, పడవ ఎక్కడ ఆగింది, ఏ బడిలో అన్నం వండుతున్నారు అన్న కబురు నిమిషాల్లో చేరాలి. మర్నాటికి ఆ కబురుకు విలువ ఉండదు. ఉండనక్కర్లేదు కూడా.

నీరు తీశాక పుట్టే ప్రశ్నలు వేరే రకం. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులు వచ్చినప్పుడు మన వీధిలో నీరు ఎక్కడిదాకా నిలిచింది, ఈసారి ఎక్కడిదాకా వచ్చింది? పోలవరం జలాశయంలో 41.15 మీటర్ల వరకు నీరు నిలిపితే ఏ ఊళ్లు మునుగుతాయి, 45.72 మీటర్ల పూర్తి మట్టానికి ఏవి మునుగుతాయి? పరిహారం జాబితాలో పెళ్లయిన కొడుకును వేరే కుటుంబంగా రాశారా? ముంపు మీద ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టుదాకా వెళ్లాయి. అక్కడ ఏం తేలితే మన ఊరికి ఏం వర్తిస్తుంది? వీటికి జవాబు ఏ ఒక్కరి దగ్గరా పూర్తిగా ఉండదు. కొంత కోంటా రైతు జ్ఞాపకంలో, కొంత రాజమహేంద్రవరంలో రిటైరైన ఇంజినీరు దగ్గర, కొంత భద్రాచలం వకీలు ఫైళ్లలో ఉంటుంది. అవన్నీ ఒకచోట కూడడానికి నెలలు పడుతుంది. కూడాక, పదేళ్ల తర్వాత మరో వరదలో మరొకరికి అక్కరకొస్తుంది.

వరద ఒక్కటే. దాని చుట్టూ నడిచే మాటలు మాత్రం రెండు రకాలు. మొదటి రకానికి మన చేతుల్లో కావలసినన్ని సాధనాలున్నాయి. రెండో రకానికి ఒకప్పుడు ఉన్న చోట్లు కూడా పోతున్నాయి. ఫేస్‌బుక్, ఎక్స్, వాట్సాప్ వచ్చాక ఆన్‌లైన్ చర్చావేదికల కాలం చెల్లిందని అనుకోవడం మామూలైపోయింది. ఏ విషయాన్ని ఎక్కడ మాట్లాడాలన్న విచక్షణ కొరవడడమే ఆ మాటకు మూలం.

మూడు గుర్తులు

ఒక విషయానికి నిలకడైన వేదిక కావాలో లేదో తేల్చుకోవడానికి మూడు గుర్తులు చాలు. ఒకటి, జవాబు ఆలస్యంగా రావడం. ఉపాధి హామీ కూలి బకాయి గురించి ఇవాళ అడిగితే అధికారి కదిలేసరికి మూడు నెలలు కావచ్చు. రెండు, జవాబు తెలిసినవారు మనకు తెలియనివారు కావడం. మన బంధువులు, స్నేహితులు, పాత క్లాస్‌మేట్లు ఉన్న గ్రూపులో అడిగితే మనకు తెలిసినదే వాళ్లకూ తెలిసి ఉంటుంది. మూడు, అదే ప్రశ్న రేపు మరొకరికి రావడం. అప్పుడు నిన్నటి జవాబు వాళ్ల కంటపడాలి.

రాయపూర్‌కూ తెలుగు నేలకూ మధ్య రాకపోకలు సాగించే కుటుంబాలకు తగిలే ఒక ప్రశ్నకు ఈ మూడు గుర్తులూ సరిపోతాయి. విజయనగరం–రాయపూర్ రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన వలసలు రెండు వైపులా సాగాయి. రాష్ట్రం మారితే కుల ధ్రువపత్రం చెల్లుతుందా అన్న ప్రశ్న ఆ వలసల వెంటే వచ్చింది. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న వర్గానికి చెందిన మర్రి చంద్రశేఖరరావు బొంబాయి వైద్య కళాశాలలో సీటు విషయమై వేసిన కేసులో, సొంత రాష్ట్రంలోని హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో దానంతటదే వర్తించదని సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ వదిలి ఖమ్మం, భద్రాచలం అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ ఆదివాసులు ఇదే చిక్కును ఇటువైపు ఎదుర్కొంటున్నారు. పైగా అటవీ హక్కుల చట్టం కింద భూమి అడగాలంటే 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉండాలి. అటు వెళ్లినవారిదీ ఇటు వచ్చినవారిదీ ఒకే ప్రశ్న. ఒక్కో కుటుంబం దాన్ని మొదటిసారి పుట్టినట్టు మళ్లీ అడుగుతుంది, మళ్లీ మండలాఫీసు చుట్టూ తిరుగుతుంది. ముందు తిరిగినవాళ్లు తెలుసుకున్నది ఎక్కడా నిలవకపోవడమే దీనికి కారణం.

ఛత్తీస్‌గఢ్ చేసిన ప్రయోగం

ఇలాంటి మాటలకు చోటు కల్పించే ప్రయత్నం దేశంలో గట్టిగా జరిగిన చోట్లలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడేనాటికి రాయపూర్ పత్రికలదీ చానెళ్లదీ హిందీ. బస్తర్‌లో గోండి, హల్బీ, ఉత్తరాన కుడుఖ్ మాట్లాడేవారి గోడు రాజధానిదాకా చేరడం అరుదు. బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి చొరవతో 2004లో సీజీనెట్ పేరిట ఒక యాహూ గ్రూపు మొదలైంది. ఈమెయిల్ ఉన్నవారికే అందులో మాట్లాడే వీలుండేది. రేడియో పెడదామంటే మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎంలకుగానీ కమ్యూనిటీ రేడియోలకుగానీ సొంతంగా వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు. చివరికి మామూలు మొబైల్ ఫోన్ దారి చూపింది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా సాంకేతిక సాయంతో 2010 ఫిబ్రవరిలో సీజీనెట్ స్వర ప్రారంభమైంది.

పద్ధతి చాలా సులువు. ఒక నంబరుకు ఫోన్ చేసి ఒక మీట నొక్కితే సందేశం రికార్డవుతుంది, మరో మీట నొక్కితే ఇతరుల సందేశాలు వినవచ్చు. తర్వాత్తర్వాత మిస్డ్ కాల్ ఇస్తే వ్యవస్థే తిరిగి ఫోన్ చేసే ఏర్పాటు వచ్చింది. చదువు రాకపోయినా, స్మార్ట్‌ఫోన్ లేకపోయినా మాట్లాడవచ్చు. వచ్చిన ప్రతి సందేశాన్నీ మోడరేటర్లు విని, సరిచూసి, పనికొచ్చేవాటిని విడుదల చేసేవారు. చేతిపంపు చెడిపోయిందని ఒకరు చెబితే, పట్టించుకోవలసిన అధికారి ఫోన్ నంబరు కూడా సందేశంలోనే ఉండేది. ఎక్కడో నగరంలో విన్న శ్రోత ఆ అధికారికి ఫోన్ చేసేవాడు. పని జరిగాక ఫిర్యాదు చేసినవారే మళ్లీ ఫోన్ చేసి, జరిగిందని రికార్డు చేసేవారు. ఫిర్యాదు, ఒత్తిడి, ఫలితం ఒకే దారంలో మిగిలేవి. ఆ ఊరితో సంబంధం లేనివారు విన్నా, అడిగితే పని జరుగుతుందన్న నమ్మకం, అడిగే పద్ధతి రెండూ తెలిసేవి.

పరిశోధకులు దీన్ని స్వర చర్చావేదికగానే వర్ణించారు. తొలి 20 నెలల్లో 70 వేలకు పైగా కాల్స్ వచ్చాయి, సుమారు 1,100 సందేశాలు విడుదలయ్యాయి. వైరల్ లెక్కల్లో చూస్తే 1,100 అంటే లెక్కలోకే రాదు. ఆ 1,100 వెనుక మనిషి విన్న చెవి ఉంది, సరిచూసిన శ్రమ ఉంది, ఎన్నాళ్ల తర్వాతైనా వెతికితే దొరికే ఆనవాలు ఉంది. 2014లో ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ డిజిటల్ యాక్టివిజం పురస్కారం ఈ కృషికే దక్కింది.

ఈ వ్యవస్థ బలహీనత కూడా ఆ అంకెల్లోనే కనిపిస్తుంది. వినేవారు, సరిచూసేవారు కొద్దిమందే అయినప్పుడు వచ్చే మాటలన్నీ వారి దగ్గరే ఇరుక్కుంటాయి. వేదికకు ద్వారపాలకుడు తప్పడు. అతను నిష్పక్షపాతంగా లేకపోతే వేదిక ఒక ముఠా చావిడి అవుతుంది. గ్రాంట్లు ఆగితే ఫోన్ బిల్లు కట్టేదెవరన్న ప్రశ్నా ఉంటుంది. చర్చావేదికను నడపడానికి నిత్యం మనుషుల శ్రమ కావాలి. సామాజిక మాధ్యమం ఉచితంగా కనిపించడానికి కారణం ఆ శ్రమను అది ఎగ్గొట్టడమే.

పరుగెత్తే ప్రవాహంలో నిలిచేదేమిటి?

ఫేస్‌బుక్‌లో పోస్టుల వరుసను కాలక్రమం బదులు జనాదరణను బట్టి పేర్చడం 2009లో మొదలైంది. కామెంట్లు, షేర్లు ఎక్కువ వచ్చే పోస్టులకు ఇంకా పెద్దపీట వేస్తామని ఆ సంస్థ 2018 జనవరిలో ప్రకటించింది. తగాదా పెట్టే మాటకు కామెంట్లు ఎక్కువ. చేతిపంపు గురించి చెప్పే మాటకు తక్కువ. ఎవరూ కుట్ర పన్నకపోయినా ఆ వరుసలో చేతిపంపు అడుగుకు జారుతుంది. మూడు నెలల తర్వాత పంపు బాగుపడిందని రాస్తే, మొదటి పోస్టు చూసినవారికి రెండోది కనిపిస్తుందన్న భరోసా లేదు. ఫిర్యాదు ఒకరికి, ఫలితం మరొకరికి చేరితే పౌరుడికి మిగిలేది చిరాకు మాత్రమే.

వాట్సాప్ చిక్కు మరో రకం. అక్కడి మాట గ్రూపు గోడ దాటి బయటివారికి కనబడదు. కొత్తగా చేరినవారికి పాత చర్చ మామూలుగా దొరకదు. ఫోన్ మారితే పోయేదీ ఉంటుంది. దాటి వెళ్లే మాట మాత్రం ఎవరన్నారో, ఎప్పుడన్నారో తెలియకుండా ఫార్వర్డ్‌గా వెళ్తుంది. 2018 జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో పిల్లల్ని ఎత్తుకుపోయేవారన్న పుకారుతో ఐదుగురిని కొట్టి చంపారు. ఆ ఏడాది తెలంగాణలోనూ అలాంటి పుకార్లు ప్రాణాలు తీశాయి. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి తెచ్చింది. పుకారుకు అడ్డుకట్ట వేగం తగ్గించడంలో ఉందని ఆ సంస్థే ఒప్పుకున్నట్టయింది.

దీన్నిబట్టి సామాజిక మాధ్యమాన్ని తీసిపారేయడం పొరపాటు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ధ్రువపత్రం అడగడం, బిల్లు కట్టడం లాంటి పనులకు అది చక్కగా ఒదుగుతుంది. అవి లావాదేవీలు. ఒకరికీ కార్యాలయానికీ మధ్య మొదలై అక్కడే ముగుస్తాయి. ధ్రువపత్రం ఎందుకు నిరాకరించారు, అదే పరిస్థితిలో ఉన్న మరొకరికి ఎలా వచ్చింది అన్నచోట లావాదేవీ ముగిసి చర్చ మొదలవుతుంది. ఆ చర్చకు వాట్సాప్‌లో చోటు లేదు.

భాష, విత్తనం

ఫిర్యాదుల కన్నా లోతైన విషయాలూ ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవారు దాదాపు 29.8 లక్షల మంది. మన భాషా కుటుంబానికే చెందిన ఈ భాష ఆదిలాబాద్ నుంచి బస్తర్ దాకా, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఒడిశాల్లోకి చెదిరి ఉంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు లేదు. ఒక రాష్ట్రం గోండి మరో రాష్ట్రం వారికి సగమే అర్థమయ్యే స్థితిలో, ఉమ్మడి నిఘంటువు కోసం 2014 నుంచి వరుసగా కార్యశాలలు జరిగాయి. సీజీనెట్ బృందం వాటిలో ముందుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల ప్రతినిధులు కూర్చుని వాదించుకున్నారు. 2018లో హంపీ కన్నడ విశ్వవిద్యాలయంలో సుమారు మూడు వేల మాటల నిఘంటువు వెలువడింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపి కూడా ఆ ఏడాదే యూనికోడ్‌లో చేరింది.

ఒక మాటకు ఏ రూపాన్ని ప్రమాణంగా తీసుకోవాలన్నది ఓటింగు పెట్టి తేల్చే విషయం కాదు, లైకులు లెక్కపెట్టి అసలే కాదు. ఎందుకు ఒక రూపాన్ని ఎంచుకున్నారు, ఎవరు అభ్యంతరం చెప్పారు, ఆ అభ్యంతరానికి జవాబేమిటి అన్నది రాసి ఉండాలి. పదేళ్ల తర్వాత పాఠ్యపుస్తకం రాసే టీచరు ఆ వాదనను మళ్లీ తిరగేయాలి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనప్పటి నుంచి ప్రతి వ్యాసం వెనుకా ఒక చర్చా పేజీ ఉంచడంలో కిటుకు ఇదే. వ్యాసంలో కనిపించేది తీర్పు, చర్చా పేజీలో మిగిలేది ఆ తీర్పుకు దారితీసిన వాదన.

ఇక విత్తనం సంగతి. రాయపూర్ కేంద్రంగా పనిచేసిన వరి శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా 1970లలో ఛత్తీస్‌గఢ్ ఊళ్ల నుంచి వేలాది వరి రకాలు సేకరింపజేశారు. ఏ రకం ఏ నేలలో పండుతుంది, ఎన్ని రోజులకు కోతకొస్తుంది అన్న రైతుల ఎరుక కూడా ఆ సేకరణకు ప్రాణం. ఇప్పుడు రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయంలో 23 వేలకు పైగా వరి నమూనాలు భద్రంగా ఉన్నాయి. 2002లో ఆ సంపదపై విత్తన కంపెనీ సింజెంటాతో ఒప్పందానికి ప్రయత్నం జరిగితే రైతు సంఘాలు, మేధావులు వీధికెక్కారు. ఒప్పందం ఆగిపోయింది. జనం కూడబెట్టిన ఎరుక ఎవరి స్వాధీనంలో ఉంది, రేపు ఎవరి చేతికి పోతుంది అన్న ప్రశ్న అప్పుడు సూటిగా నిలిచింది.

మన మాటల విషయంలో మాత్రం ఆ ప్రశ్న మనం వేసుకోలేదు. ఈ శతాబ్దం తొలి సంవత్సరాల్లో అమెరికా నుంచి ఆంధ్ర దాకా తెలుగు సాహిత్యాభిమానులు రచ్చబండ లాంటి యాహూ గ్రూపుల్లో ఛందస్సు మీద, అనువాదాల మీద, కథల మీద ఏళ్ల తరబడి వాదించుకున్నారు. సీజీనెట్ పుట్టిందీ యాహూ గ్రూపుగానే. యాహూ సంస్థ 2020 డిసెంబరు 15న గ్రూపుల సేవను పూర్తిగా మూసేసింది. అంతకుముందే పాత నిల్వలను తొలగించింది. ఎవరో ముందుచూపుతో దాచుకున్నవి తప్ప మిగిలినవి పోయాయి. అంతకు ఆరేళ్ల ముందు ఆర్కుట్ సంఘాలదీ ఇదే గతి. వేదిక ఉంటే సరిపోదు. దాని నిల్వ ప్రజల సంస్థ చేతిలో ఉండాలి. వరి నమూనాల విషయంలో అది మనకు అర్థమైంది, మాటల విషయంలో ఇంకా కాలేదు.

పేరు చెప్పి మాట్లాడే ప్రమాదం

బహిరంగ వేదికకు ఒక పెద్ద చిక్కు ఉంది. బస్తర్‌లోని బీజాపూర్ పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ 'బస్తర్ జంక్షన్' యూట్యూబ్ చానెల్‌తో పేరు తెచ్చుకున్నారు. రోడ్డు పనుల్లో అవినీతిపై కథనం వెలువడిన కొద్ది రోజులకే, 2025 జనవరి 3న ఆయన మృతదేహం ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది. రోడ్డు గురించి రాసినందుకే ప్రాణం పోయే చోట, కూలీని పేరు చెప్పి మాట్లాడమనడం తేలిక. పర్యవసానం మోయాల్సింది అతనే. యూట్యూబ్ చానెల్ ఒక్క ముఖం మీద నడుస్తుంది. కోపం కూడా ఆ ఒక్క ముఖం మీదికే పోతుంది. ఒకే రోడ్డు గురించి పది ఊళ్లవాళ్లు పది నెలల పాటు చెప్పిన మాటలు ఒకచోట పోగైతే, ఏ ఒక్కరినీ వేలెత్తి చూపడం కష్టమవుతుంది. వేదిక పూర్తి రక్షణ ఇస్తుందని చెప్పలేం. ప్రమాదాన్ని పదిమందికీ పంచుతుందని మాత్రం చెప్పవచ్చు. అందుకే మాట్లాడినవారి పేరు మోడరేటరుకు తెలిసి, ప్రపంచానికి తెలియకుండా ఉండే ఏర్పాటు ముఖ్యం. జబ్బులు, ఇంటి హింస, అప్పుల గురించి అడిగేవారికి ఈ చాటు లేనిదే నోరు పెగలదు.

ఏం చేయాలి?

అర్జీలు తీసుకోవడంలో మన ప్రభుత్వాలు పోటీ పడుతున్నాయి. ఛత్తీస్‌గఢ్ 2025 ఏప్రిల్‌లో 'సుశాసన్ తిహార్' పేరుతో ఊరూరా దరఖాస్తులు సేకరించింది. తెలంగాణ 2023 డిసెంబరు నుంచి ప్రజాభవన్‌లో ప్రజావాణి నడుపుతోంది. మంచిదే. అయితే అర్జీ పెట్టినవారికి వచ్చిన జవాబు పక్క ఊరివారికి కనబడదు. వెయ్యిమంది అడిగిన ఒకే ప్రశ్నకు వెయ్యిసార్లు విడివిడిగా జవాబు రాయడం ఏ కార్యాలయానికీ సాధ్యం కాదు. అడిగినవారి గుర్తులు తీసేసి ప్రశ్ననూ జవాబునూ విషయాల వారీగా బహిరంగంగా ఉంచితే సగం అర్జీలు పుట్టనే పుట్టవు. ఛత్తీస్‌గఢ్ పౌర సరఫరాల శాఖ రేషన్ వివరాలను చాలా ఏళ్ల కిందటే వెబ్‌లో ఉంచి, దాపరికం తగ్గితే పంపిణీ ఎలా మెరుగుపడుతుందో చూపించింది. అదే బుద్ధి జవాబుల విషయంలోనూ కావాలి.

మొదటి అడుగు గోదావరి–శబరి పరీవాహకంలో వేయవచ్చు. మూడు రాష్ట్రాల ముంపు ఊళ్లకు తెలుగు, హిందీ, గోండి, కోయ భాషల్లో ఫోన్‌తోనూ వెబ్‌తోనూ నడిచే ఒకే వేదిక ఏర్పాటు చేయాలి. వరద మట్టాలు, భూమి పత్రాలు, పునరావాసం, కుల ధ్రువపత్రాలు అన్న నాలుగు శాఖలతో మొదలుపెడితే చాలు. దాన్ని ఏ పార్టీ కార్యాలయమూ, ఏ కంపెనీ సర్వరూ కాకుండా విశ్వవిద్యాలయాలు నిర్వహించాలి. మోడరేటర్లు స్థానిక భాష వచ్చినవారై, జీతం తీసుకునేవారై ఉండాలి. ఏ సందేశాన్ని ఎందుకు ఆపారో చెప్పే నియమం ఉండాలి. నిల్వ ప్రతి ఒకటి ఏటా ప్రభుత్వ గ్రంథాలయానికి చేరాలి. అధికారులు గడువులోగా జవాబు రాయాలి. రాయకపోతే ఆ ఖాళీ కూడా అందరికీ కనిపించాలి.

దీనికి అయ్యే ఖర్చు ఒక్క వరద సహాయ శిబిరం ఖర్చుకు మించదన్న వాదన ఎవరైనా చేయవచ్చు. అసలు వాదన డబ్బు గురించి కానే కాదు. పోలవరం జలాశయం పూర్తి మట్టానికి నిండే రోజు వస్తుంది. ఆనాడు ఏ ఊరికి ఏం హామీ ఇచ్చారు, ఏ లెక్కన ఇచ్చారు, ఎవరు కాదన్నారు అన్న చర్చ జనం చేతిలో రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే ముంపు బాధితుడు మళ్లీ మొదటి నుంచి రుజువులు వెతుక్కోవాలి, ప్రభుత్వం మాత్రం తన ఫైలుతో వస్తుంది. ఫిర్యాదు ఎంత వేగంగా స్వీకరిస్తున్నామో గొప్పగా చెప్పుకునే ప్రభుత్వాలు, ఇచ్చిన జవాబు ఎన్నేళ్లు నిలుస్తుందో కూడా చెప్పాలి. పౌరుల పక్షాన నిలిచే పత్రికలు, సంఘాలు ముందుగా అడగాల్సింది దాన్నే.